అన్నిటికంటె తక్కువ ధర ఏది?

ఒక చిన్న ఇల్లు కట్టవలెనన్నను పలువురి చేతులు కలియవలెను. పునాది త్రవ్వువారు కొందరు, గోడలు కట్టు తాపీవారు కొందరు, కప్పునకు ఇనుప చువ్వలు కట్టువారు మరికొందరు. తలుపులకు వడ్రంగి, కుళాయిలకు ప్లంబరు, దీపములకు ఎలక్ట్రీషియను, చివరకు రంగులు వేయువారు రావలెను. చిన్న ఇంటికైనచో యజమానియే వీరినందరిని పిలిచి మాటలాడుకొనును. పాఠశాల, ఆసుపత్రి, వంతెన వంటి పెద్ద నిర్మాణములలో అట్లు సాగదు. అక్కడ యజమాని పని మొత్తమును ఒక ప్రధాన కంట్రాక్టరునకు అప్పగించును. అతడు కొంత పనిని తన మనుషులచేత చేయించి, మిగిలినదానిని ఆయా పనులలో ఆరితేరినవారికి పంచి ఇచ్చును. వీరినే ఉప కంట్రాక్టరులు అందురు.

ప్రధాన కంట్రాక్టరు యజమానికి తన టెండరును పంపుటకు ముందే ఈ ఉప కంట్రాక్టరుల నుండి ధరలు తెప్పించుకొనవలెను. ఒక్కొక్క పనికి ముగ్గురో, ఐదుగురో తమ ధరలను తెలుపుదురు. వాటిలో దేనిని తీసికొనవలెను? “ఏది తక్కువో దానిని” అని చిన్న పిల్లవాడైనను చెప్పగలడు. ఆ జవాబు తప్పు కాదు, కాని చాలదు. కాగితముమీద తక్కువగా కనిపించు అంకె వేరు, పని ముగియునప్పటికి నిజముగా తక్కువ ఖర్చయిన ధర వేరు. ఈ రెంటికి గల భేదమును తెలిసికొనుటకు హైస్కూలు గణితము చాలును. ముందుగా, నిజముగా జరిగిన ఒక సంఘటనను చూతము.

ఒక పాఠశాల టెండరు

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున, ఎడారి ప్రాంతములో లాంకాస్టరు అను ఊరు కలదు. 1955 జూలై 28వ తేదీన అక్కడ ఒక పాఠశాల నిర్మాణమునకు టెండరులు దాఖలు చేయవలసి ఉండెను. గడువు రాత్రి 8 గంటలు. ఆ ప్రాంతపు వాడుక ప్రకారము ఉప కంట్రాక్టరులు చివరి రోజుననే టెలిఫోనుమీద ధరలు చెప్పుచుండిరి. ఒక ప్రధాన కంట్రాక్టరు కార్యాలయమునకు ఆ ఒక్క దినమున 50 నుండి 75 వరకు అట్టి ధరలు వచ్చినవి.

వానిలో ఒకటి పేవింగు పనికి, అనగా నేలను గట్టిగా పరచు పనికి వచ్చిన ధర. స్టార్ పేవింగు అను సంస్థ 7,131 డాలరుల 60 సెంట్లకు ఆ పని చేయుదుమని చెప్పెను. వచ్చిన ధరలలో అదియే తక్కువ. కంట్రాక్టరు దానిని తన లెక్కలో చేర్చుకొని, మొత్తము పనికి 3,17,385 డాలరుల టెండరు దాఖలు చేసెను. మొత్తము వ్యయములో అర శాతమునకు మించిన పని చేయు ఉప కంట్రాక్టరుల పేర్లను టెండరులో చూపవలెనను చట్టము ననుసరించి ఆ సంస్థ పేరును కూడ వ్రాసెను. టెండరు విలువలో పదియవ వంతునకు, అనగా 31,738 డాలరుల 50 సెంట్లకు పూచీపత్రము సమర్పించెను. ఆ పని అతనికే దక్కెను.

మరునాడు కంట్రాక్టరు ఆ సంస్థ కార్యాలయమునకు పోగా, అక్కడి ఇంజనీరు ఎదురై, తమ ధరలో పొరపాటు జరిగినదనియు, ఆ సొమ్మునకు పని చేయజాలమనియు చెప్పెను. తరువాత 15,000 డాలరులకు తక్కువైనచో చేయమనిరి. ఇది మొదట చెప్పినదానికి రెట్టింపు కంటె ఎక్కువ. కంట్రాక్టరు యజమానికి ఇచ్చిన ధర మాత్రము మారుటకు వీలులేదు. అతడు నెలల తరబడి వెదకి, తుదకు వేరొకరిచేత 10,948 డాలరుల 60 సెంట్లకు ఆ పని చేయించెను. మిగిలిన 3,817 డాలరుల నష్టమును రాబట్టుకొనుటకు కోర్టునకు పోయెను.

1958లో ఆ రాష్ట్రపు సుప్రీముకోర్టు కంట్రాక్టరు పక్షమున తీర్పు చెప్పెను. తీర్పు వ్రాసినవారు న్యాయమూర్తి రోజరు ట్రేనరు. తన ధర అన్నిటికంటె తక్కువైనచో కంట్రాక్టరు దానిని నమ్మి తన టెండరు వేయునని ఉప కంట్రాక్టరునకు తెలియును. అట్లు నమ్మి కట్టుబడిన తరువాత మాట వెనుకకు తీసికొనరాదు అని దాని సారాంశము. అయితే ఆ తీర్పులోనే రెండు హెచ్చరికలు కూడ కలవు. ధరలో పొరపాటు ఉన్నదని అనుమానించుటకు కారణము ఉండియు కంట్రాక్టరు కన్ను మూసికొన్నచో అతనికి ఈ రక్షణ దొరకదు. పని దక్కిన తరువాత ఇంకను తక్కువ ధరకై తిరిగి బేరమాడుటకు కూడ అతనికి హక్కు లేదు.

దీనికి 25 సంవత్సరములు ముందు, 1933లో, అమెరికాలోనే మరొక కోర్టు ఇందుకు విరుద్ధముగా తీర్పు ఇచ్చియుండెను. అది ఒక ప్రభుత్వ భవనమునకు కావలసిన లినోలియము అను నేలపరపును గూర్చిన వ్యాజ్యము. సరఫరా చేయు వ్యాపారి మనిషి కావలసిన కొలతను ఇంచుమించు సగమునకు తక్కువగా లెక్కకట్టెను. పొరపాటు తెలియగనే వ్యాపారి తన ధరను ఉపసంహరించుకొనెను. అప్పటికే కంట్రాక్టరు ఆ ధరను నమ్మి తన టెండరు వేసియుండెను. అయినను, అంగీకారము అందకమునుపే ఉపసంహరించుకొన్న ధరకు కట్టుబడి ఉండనక్కరలేదని న్యాయమూర్తి లెర్నెడ్ హాండు తీర్పు చెప్పెను.

మన దేశమున 1872 నాటి కంట్రాక్టు చట్టములోని 5వ సెక్షను కూడ, అంగీకారము తెలియజేయుట పూర్తి కాకమునుపు ప్రతిపాదనను ఉపసంహరించుకొనవచ్చునని చెప్పుచున్నది. టెండరులతోపాటు ధరావతు సొమ్ము తీసికొను ఆచారమునకు ఇట్టి మాట తప్పుటను అరికట్టుటయే ముఖ్య కారణము.

కోర్టులు నష్టమును ఎవరు భరించవలెనో తేల్చగలవు. కాని నష్టము రాకుండ చూచుకొనుట లెక్క చూచువాని పని.

పొరపాటే గెలుచుట

పై రెండు ఉదంతములలోను ఒక సామ్యము కలదు. రెంటిలోను ఎంపికయినది పొరపాటు జరిగిన ధరయే. ఇది కేవలము దురదృష్టమా? కాదు. తక్కువ ధరను ఎన్నుకొను పద్ధతియే పొరపాటును వెదకి పట్టుకొనుచున్నది. ఎట్లనగా—

ఒక పనికి నిజమైన ఖర్చు 100 రూపాయలు అనుకొందము. దానిని ముందుగా ఎవరును సరిగా చెప్పలేరు. ప్రతివాడును అంచనా వేయును. ఆ అంచనా 90 కావచ్చును, 100 కావచ్చును, 110 కావచ్చును. మూడింటికిని సమానమైన అవకాశము కలదనుకొందము. ఒక్కడే అంచనా వేసినచో, అనేక పర్యాయముల సగటు 100. ఎక్కువ తక్కువలు ఒకదానితో నొకటి చెల్లిపోవును.

ఇప్పుడు ఇద్దరిని పిలిచి తక్కువ ధరను తీసికొందము. రెండు అంచనాలకు మొత్తము 9 విధములైన జతలు కలవు. వానిలో 5 జతలలో తక్కువ అంకె 90, మూడింటిలో 100, ఒక్క జతలో మాత్రమే, ఇద్దరును 110 చెప్పినప్పుడే, 110. వీని సగటు సుమారు 95.6. ముగ్గురిని పిలిచినచో 27 విధములు. వానిలో 19 విధములలో తక్కువ అంకె 90, ఏడింటిలో 100, ఒకదానిలో 110. సగటు 93.3. ఐదుగురిని పిలిచినచో 243 విధములలో 211 విధములందు తక్కువ అంకె 90 అగును. సగటు సుమారు 91.4.

చూచితిరా! ఏ ఒక్కరును మోసము చేయలేదు. ఎవరికిని తక్కువ చెప్పవలెనను ఉద్దేశము లేదు. ఐనను పిలిచినవారి సంఖ్య పెరిగినకొలది గెలిచిన ధర నిజమైన ఖర్చునకు దూరమగుచున్నది. ఐదుగురు పోటీపడినప్పుడు గెలిచినవాడు తక్కువగా పొరపడినవాడగుటకు నూటికి 86 పాళ్ళకు పైగా అవకాశము కలదు.

ఈ విషయమును తరగతిలో పరీక్షించి చూడవచ్చును. ఐదుగురు విద్యార్థులకు తలకొక పాచిక ఇవ్వవలెను. 1 గాని 2 గాని పడినచో 90, 3 గాని 4 గాని పడినచో 100, 5 గాని 6 గాని పడినచో 110 అని వ్రాసికొనవలెను. ఒక్కొక్క ఆటలో తక్కువ అంకెను మాత్రము నల్లబల్లమీద వ్రాసి, ముప్పది ఆటల తరువాత సగటు కట్టినచో, అది 91కి అటునిటుగా వచ్చును.

1971లో అమెరికాలో ముగ్గురు చమురు ఇంజనీర్లు ఇట్టి విషయమునే తమ రంగములో గమనించి ప్రకటించిరి. సముద్రగర్భములోని చమురు క్షేత్రములను వేలము వేయునప్పుడు ఎక్కువ పాడినవానికి హక్కు దక్కును. అందుచేత క్షేత్రములోని చమురును ఎక్కువగా ఊహించుకొన్నవాడే గెలిచి, పిమ్మట నష్టపోవుచుండెను. దీనికి “విజేత శాపము” అను పేరు నిలిచినది. వేలములో ఎక్కువ పాట, టెండరులో తక్కువ ధర. దిక్కులు వేరైనను సూత్రమొకటే.

నష్టపోవునది గెలిచినవాడే గదా, మనకేమి అని అనుకొనరాదు. గిట్టుబాటు కాని ధరకు పని ఒప్పుకొన్నవాడు పని మధ్యలో విడిచిపోవచ్చును, సిమెంటు తగ్గించవచ్చును, కూలీల వేతనములు ఎగవేయవచ్చును, రక్షణకొరకు కట్టవలసిన పరంజాను చాలీచాలని కర్రలతో కట్టవచ్చును. అంకెలలోని పొరపాటు చివరకు గోడలోనికో, కూలివాని వీపుమీదకో వచ్చి చేరును.

ధరలను ఒక మట్టమునకు తెచ్చుట

రెండు కర్రల పొడవును సరిపోల్చవలెనన్నచో రెంటి అడుగులును ఒకే నేలపై ఆనవలెను. ధరల సంగతియు అంతే. ఒకే పనికి ఇచ్చిన ధరలను మాత్రమే సరిపోల్చవచ్చును. ఉప కంట్రాక్టరులు ఇచ్చు కాగితములలో పని హద్దులు తరచు ఒకే విధముగా ఉండవు. అందుచేత ప్రతి ధరలోను ఏమి చేరినది, ఏమి చేరలేదు అని పట్టిక వేసికొని, చేరనివాని విలువను కలుపవలెను.

ఒక కల్పిత ఉదాహరణమును తీసికొందము. ఒక పాఠశాల భవనములో విద్యుత్ పనికి ముగ్గురు ధరలు తెలిపిరి. మొదటివాడు 4,60,000 రూపాయలు, రెండవవాడు 4,95,000, మూడవవాడు 5,18,000. పైపైన చూచినచో మొదటివాని ధర మూడవవానిదానికంటె 58,000 తక్కువ.

కాగితములను శ్రద్ధగా చదువగా కొన్ని సంగతులు బయటపడినవి. గోడలలో గాడులు కొట్టి, పైపులు పెట్టి, తిరిగి పూడ్చు పని మొదటివాని ధరలో లేదు. దాని విలువ 35,000. ఎర్తింగు గుంటలు మొదటివాని ధరలోను లేవు, రెండవవాని ధరలోను లేవు. వాని విలువ 28,000. పంకాలు బిగించు కూలి 12,000 మొదటివానిలో లేదు. మూడవవాని ధరలో ఇవియన్నియు కలవు. ఇప్పుడు లెక్క కట్టినచో మొదటివానిది 5,35,000, రెండవవానిది 5,23,000, మూడవవానిది 5,18,000. క్రమము పూర్తిగా తలక్రిందులైనది.

ఈ విధముగా కలుపు మొత్తములను కంట్రాక్టరు తన ఊహతో వేయరాదు. “ఈ పని మీ ధరలో చేరినదా? చేరనిచో దాని ధర ఎంత?” అని ఆయా వ్యక్తులనే వ్రాతమూలకముగా అడుగవలెను. పన్నులు కలిసినవా, సామాను ఎత్తి పైకి చేర్చు ఖర్చు ఎవరిది, పరంజా ఎవరు కట్టవలెను, పనిచోట నీరును విద్యుత్తును ఎవరు ఇవ్వవలెను, చెత్తను ఎవరు తొలగించవలెను అను ప్రశ్నలను మరువరాదు. తగవులలో అనేకము ఇట్టి చిన్న విషయముల నుండియే పుట్టును. కొలతల విషయమున మన దేశములో ఐ.ఎస్. 1200 అను ప్రమాణము కలదు. భవన నిర్మాణ పనులను ఏ విధముగా కొలువవలెనో అది చెప్పును. అందరును ఒకే ప్రమాణమును పాటించినప్పుడే ఒకరి ఘనపు మీటరు మరొకరి ఘనపు మీటరునకు సమానమగును.

పరిమాణము మారినచో?

కొన్ని పనులలో ఎంత పని కలదో ముందుగా నిశ్చయముగా తెలియదు. పునాది త్రవ్వకము ఇట్టిది. నేల క్రింద మట్టి ఎంత, రాయి ఎంత అన్నది త్రవ్విన తరువాతగాని తేలదు. ఇట్టిచోట ఘనపు మీటరు ఒక్కింటికి ఇంత అని ధర అడుగుదురు.

మొత్తము 1,100 ఘనపు మీటర్ల త్రవ్వకము. అందులో రాయి 100 ఘనపు మీటర్లు అని అంచనా అనుకొందము. ఒకడు మట్టికి 200 రూపాయలు, రాతికి 600 రూపాయలు అడిగెను. ఇంకొకడు మట్టికి 180, రాతికి 700 అడిగెను. అంచనా ప్రకారము మొదటివానికి 2,60,000, రెండవవానికి 2,50,000 రూపాయలు చెల్లించవలెను. రెండవవానిదే తక్కువ.

రాయి ‘క్ష’ ఘనపు మీటర్లు అని తీసికొని బీజగణితముతో చూతము. మొదటివాని మొత్తము 2,20,000 + 400 క్ష. రెండవవాని మొత్తము 1,98,000 + 520 క్ష. ఈ రెండును సమానమగుటకు 120 క్ష = 22,000 కావలెను. అనగా క్ష సుమారు 183. రాయి 183 ఘనపు మీటర్లకు మించినచో మొదటివాడే మేలు. రాయి 300 ఘనపు మీటర్లు పడినచో మొదటివానికి 3,40,000, రెండవవానికి 3,54,000 ఇవ్వవలసివచ్చును.

కాబట్టి ఇచ్చట అడుగవలసిన ప్రశ్న “ఎవరిది తక్కువ?” అనునది కాదు; “రాయి 183 ఘనపు మీటర్లకు మించునా?” అనునది. దానికి జవాబు కాగితములో దొరకదు. రెండు మూడు చోట్ల పరీక్ష గుంటలు త్రవ్వించి నేలను అడుగవలెను.

మరీ తక్కువగా ఉన్న ధర

ఒక ధర మిగిలినవానికంటె బొత్తిగా తక్కువగా కనిపించినచో ఏమి చేయవలెను? ముందుగా ధరలను వరుసలో పెట్టి నడిమి విలువను చూడవలెను. సగటు కంటె ఇది మేలు. ఏలననగా ఒక్క విపరీతమైన అంకె సగటును తనవైపు లాగుకొనును, నడిమి విలువను అంతగా కదలించలేదు. పిమ్మట కంట్రాక్టరు తాను స్వయముగా వేసికొన్న అంచనాతో పోల్చవలెను. స్వంత అంచనా లేనివాడు కొలకర్ర లేకుండ గుడ్డ కొనువానివంటివాడు.

భేదము హెచ్చుగా ఉన్నచో ఆ ధర ఇచ్చినవానినే సామాను, కూలి, యంత్రములు, నిర్వహణ, లాభము అని విడదీసి లెక్క చూపుమనవలెను. పొరపాటైనచో అక్కడ బయటపడును. పొరపాటు కాక, అతనికి దగ్గరలో క్వారీ ఉండుటయో, మంచి యంత్రము ఉండుటయో కారణమైనచో అదియు తెలియును. అట్టి తక్కువ ధర నిజమైన తక్కువ ధర. దానిని సంతోషముతో గ్రహింపవచ్చును.

లాంకాస్టరు కంట్రాక్టరు ఈ అనుమానము ఏల పడలేదు? ఆ ఎడారి ప్రాంతములో పేవింగు పనులకు వచ్చు ధరలలో హెచ్చు తగ్గులకు సాధారణముగా 160 శాతము వరకు భేదము ఉండుచుండెనని కోర్టులో సాక్ష్యము వచ్చెను. ధరలు అంతగా చెదరియున్నచోట పొరపాటును కనిపెట్టుట కష్టము. పైగా గడువు ముంచుకొని వచ్చుచుండ టెలిఫోనుమీద డెబ్బది ధరలు వినుచున్నవానికి ప్రశ్నించు తీరిక ఎక్కడిది? తొందర కూడ ఒక ఖర్చే. గడువునకు కొన్ని దినములు ముందుగానే ధరలు వ్రాతమూలకముగా తెప్పించుకొనుట దానికి మందు.

ధరలో కనిపించనివి

ఎంత చక్కగా సరిచేసినను ధర ఒక్కటే అంతయు చెప్పదు. ఈ మనిషి వద్ద పనివారు ఎందరు కలరు? ఇప్పటికే ఎన్ని పనులు ఒప్పుకొనియున్నాడు? గోడలలో పైపులు పెట్టువాడు పది దినములు ఆలస్యము చేసినచో, ప్లాస్టరింగువారును, వారి వెనుక రంగులవారును పది దినములు ఆగవలెను. ఒకని ధరలో మిగిలిన సొమ్ము ఇతరుల నిరీక్షణలో కరగిపోవును. అతడు పూర్వము చేసిన పనులు ఎట్లున్నవో పోయి చూడవలెను. ముందుగా ఎంత సొమ్ము అడుగుచున్నాడో గమనించవలెను.

మన దేశమున ప్రభుత్వపు పనులలో అర్హులైనవారిలో తక్కువ ధర ఇచ్చినవానికి పని అప్పగించుట చిరకాలపు వాడుక. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖ వెలువరించిన సూచనలు, నాణ్యత ముఖ్యమైన కొన్ని పనులలో ధరతోపాటు గుణమునకు కూడ మార్కులు వేయుటకు అనుమతించినవి. ఆ పనులలో గుణమునకు ఇచ్చు భాగము 30 శాతమునకు మించరాదు. తక్కువ అంకె ఒక్కటే చాలదను అనుభవము ఈ విధముగా నియమములలోనికి ప్రవేశించినది.

చివరగా ఒక్క మాట. ఒకరి ధరను మరొకరికి చూపి, “ఇంతకంటె తగ్గింతువా?” అని అడుగు అలవాటు కొందరిలో కలదు. ఇందువలన లాభము కలిగినట్లు తోచును. కాని కష్టపడి లెక్క కట్టినవాని శ్రమను ఎదుటివాడు ఊరక పొందును. మరుసారి ఎవడును శ్రద్ధగా లెక్క కట్టడు. అందరును కొంత పెంచియే చెప్పుదురు. నమ్మకము పోయినచోట అంకెలకు అర్థము పోవును.

పాఠశాలలలో ఉపాధ్యాయులు ఈ విషయమును సులభముగా పాఠముగా చేయవచ్చును. బడి గోడకు సున్నము వేయించుటకు కావలసిన ఖర్చును నాలుగు జట్లచేత విడివిడిగా లెక్క కట్టించవలెను. ఒక జట్టు కిటికీలను తీసివేయుట మరచును; ఒక జట్టు రెండవ పూతను మరచును; ఒక జట్టు నిచ్చెన అద్దెను మరచును. అన్నిటికంటె తక్కువ అంకె వచ్చిన జట్టు ఏమి మరచినదో వెదకుమని తరగతికి చెప్పవలెను. ఏమియు మరువలేదని తేలినప్పుడు మాత్రమే దానిని తక్కువ ధర అనవలెను.